కరెంటు డాక్టరు

"తినను," అన్నాడు గురులింగప్ప.

పళ్లెంలో జొన్నరొట్టె అంచులు అప్పటికే బిరుసెక్కాయి. కోడలు అక్షత పళ్లెం మళ్లీ ఆయన ముందుకు జరిపింది. ఆయన మళ్లీ వెనక్కి తోశాడు.

"మామయ్యా, పొద్దున సూది ఏసుకున్నరు. సూది ఏసుకొని తినకుంటే షుగర్ పడిపోతది. డాక్టరు ఎన్నిమార్ల చెప్పిండు?"

"మీ అత్త పూజ చేసిందా?"

అక్షత లోపలి గది వైపు చూసింది.

"పూజ చెయ్యక ఆమె తినదు. ఆమె తినక నేను తినను. పెళ్లయిన కాడికెంచి ఈ ఇంట్ల గింతే. ఇయ్యాల సూది కోసం మారుస్తనా?"

లోపలి గదిలో గంగమ్మ బొంతలు దులుపుతోంది. దులిపిందే దులుపుతోంది.

ఆమె మెడలో ఉండాల్సిన లింగంకాయ లేదు. వెండి డబ్బీ, అందులో ఇష్టలింగం. పుట్టిన ఏడాదికే వాళ్ల అమ్మ కట్టించింది. రోజూ స్నానం చేసి, ఆ లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, నీళ్లు పోసి, విభూతి పెట్టి పూజ చేశాకే ఆ ఇంట్లో ఎవరైనా ముద్ద నోట్లో పెట్టేది. ప్రాణం పోయినా మెడ నుంచి దిగకూడని వస్తువు.

పొద్దున స్నానాలగదిలో మెడ తడుముకుంటే లింగంకాయ కట్టిన శివదారం చేతికి తగల్లేదు. అదే సమయానికి ముందుగదిలో గురులింగప్ప సూది వేసుకుంటున్నాడు.

"నాయినా, నేను న్యాల్‌కల్ పోయి అయ్యగారిని తోలుకొస్త," అన్నాడు కొడుకు మంజునాథ్, కారు తాళాలు వేలికి తిప్పుతూ. గంజ్ మార్కెట్‌లో అతనికి అల్లం వ్యాపారం. రోజూ ఈ వేళకు వేలంలో ఉండాలి. "కొత్త లింగం కడ్తడు. ఖతం. ఫికర్ చెయ్యకున్రి."

"కొత్తది కట్టాలంటే పాతది పోయిందని ఆమె తన నోటితోని అయ్యగారికి చెప్పాలె," అన్నాడు గురులింగప్ప. తర్వాత గొంతు పెంచి, "పోయిందా గంగా? లేకుంటే ఏడనన్న పెట్టి మరిచినవా?"

బొంత దులిపే చప్పుడు ఆగింది.

"తెల్వది," అంది గంగమ్మ.

"నిన్న గురువారం గద," అక్షతకు ఏదో తట్టింది. "దవాఖానల భుజానికి కరెంటు పెట్టేటప్పుడు మెడల వస్తువులు తీయించిన్రా అత్తమ్మా?"

"అవ్ అమ్మా!" మంజునాథ్ ఎగిరి అందుకున్నాడు. "ఏ దవాఖాన? పేరు చెప్పు. పొయ్యేటప్పుడు కారాపి నేనే అడుగుత."

"ఆడ తియ్యలే."

"పేరు చెప్పమ్మా. ఫోనన్న జేస్త."

"తియ్యలే అన్నగదరా! ఎన్నిసార్ల చెప్పాలె?"

ఆ అరుపుకు మంజునాథ్ వేలి మీద తాళాలు ఆగాయి. గంగమ్మ అరిచే మనిషి కాదు.

"నీ ఇష్టం," అని మంజునాథ్ చెప్పులు తొడుక్కున్నాడు. కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

అతనికి ఏ పేరు చెప్పగలదు? ఆ దవాఖాన లేదు. ఆ కరెంటు లేదు. ఆ భుజం నొప్పి కూడా లేదు.

మూడు నెలలుగా మంగళవారం, గురువారం గంగమ్మ ఆటో ఎక్కి దిగుతున్నది చర్చి వెనక సందులో, మనోరమ ఇంటి ముందు. మనోరమ బడిలో సంగీతం చెప్పి రిటైరైన టీచరు. ఆమె ముందుగదిలో పాత పియానో ఉంది. యాభై ఆరేళ్ల గంగమ్మ దాని ముందు కూర్చుని, రెండు నల్ల మెట్ల పక్కన ఉన్న తెల్ల మెట్టు ఏదో వెతుక్కోవడంతో మొదలుపెట్టింది.

ఈ అబద్ధంలో ఆమెకు మింగుడుపడనిది ఒకటే. రోజూ రాత్రి గురులింగప్ప ఆముదం వెచ్చచేసి, లేని నొప్పికి ఆ భుజం రుద్దుతాడు.

అరలో ఉన్న గంగమ్మ ఫోను బుర్రుమంది.

అక్షత చూసింది. తెర మీద పేరు: కరెంటు డాక్టరు.

"ఇగో, డాక్టరే చేసిండు! మంచిగైంది, నేనే అడుగుత..."

గంగమ్మ గదిలోంచి వచ్చిన వేగానికి అక్షత గోడకు తగులుకుంది. ఫోను లాక్కుని గంగమ్మ పెరట్లోకి వెళ్లిపోయింది. బట్టలుతికే బండ దగ్గర నిలబడి, కొంగు అడ్డం పెట్టుకుంది.

"గంగమ్మ గారూ, మంగళవారం క్లాసుకు రాకండి," మనోరమ గొంతు దిగులుగా ఉంది. "పియానో పాడైంది."

"నిన్న మంచిగనే ఉండె గద మేడం?"

"మీరు పోయినాక సాయంత్రం వాయిస్తే ఎడమ దిక్కు ఒక మెట్టు పలకట్లేదమ్మా. నొక్కితే జుయ్యిమని మోత. లోపల కొయ్య చిట్లిందో, తీగ తెగిందో. మా చెల్లె కొడుకు వికాస్ హైదరాబాద్‌లో ఇవే బాగుచేస్తడు. చూద్దామని వచ్చిండు, తీసుకపోతనంటున్నడు. ట్రాలీ వాకిట్లనే ఉంది."

ఎడమ దిక్కు.

గంగమ్మ చెయ్యి మెడ మీదికి పోయింది.

మొదట్లో ఆమె పియానో మీదికి వంగినప్పుడల్లా లింగంకాయ ఊగి కొయ్యకు టక్కున తగిలేది. దేవుడికి దెబ్బ తగులుతోందని ప్రాణం గిలగిల్లాడేది. అందుకని కూర్చోగానే దారాన్ని మెడ చుట్టూ తిప్పి, లింగంకాయను వీపు మీదికి వేసుకోవడం అలవాటు చేసుకుంది. ఇంటికొచ్చాక కూడా ఒక్కోసారి అది వీపు మీదే ఉండేది. అందుకే నిన్న సాయంత్రమంతా ఛాతీ మీద బరువు లేకపోయినా అనుమానం రాలేదు.

నిన్న మొదటిసారి ఆమె రెండు చేతులు కలిపి వాయించింది. నలభై ఏళ్లు రెండు చేతులూ ఒకే రొట్టెను ఒకే తీరుగా చరిచాయి. నిన్న కుడి చెయ్యి ఒక దారిన పోతే ఎడమ చెయ్యి ఇంకో దారిన పోయి, చివరికి రెండూ ఒకచోట కలిశాయి. ఆ సంబరంలో, "ఈ సప్పుడు ఏడికెంచి వస్తది మేడం?" అని అడిగింది. మనోరమ పియానో పై మూత ఎత్తింది. లోపల సుత్తులు చూడ్డానికి గంగమ్మ మెడ వరకు వంగింది.

దారం అరిగిపోయి, అప్పుడే తెగి ఉంటుంది. తిప్పీ తిప్పీ అరగదీసింది తనే.

"మేడం, దాన్ని ట్రాలీ ఎక్కియ్యకున్రి. నేనొస్తున్న."

"ఎందుకమ్మా? ఆల్రెడీ..."

"ఎక్కియ్యకున్రి!"

ఫోను పెట్టి వెనక్కి తిరిగింది. గుమ్మంలో అక్షత.

"డాక్టరు ఆడామెనా అత్తమ్మా?"

గంగమ్మ ఫోను కొంగు కిందికి జరిపింది.

"ఏం క్లాసు?"

"పియానో."

అక్షతకు ముందు నవ్వు రాబోయింది. దాని వెనకే కోపం వచ్చింది.

"నేను స్కూటీ నేర్చుకుంటనంటే మీరేమన్నరు? 'ఇద్దరు పిల్లల తల్లివి, ఈ వయసుల నీకెందుకే' అన్నరు. గప్పుడు నాకు ముప్పయ్యొకటి. ఇప్పుడు మీకు యాభయ్యారు!"

"అన్న," అంది గంగమ్మ. "తప్పే అన్న."

"వంటింట్ల బండమీద వేళ్లతోని టకటక కొడుతుంటే, పాపం నరాలు గుంజుతున్నయనుకొని మిమ్మల్ని రొట్టెలు కూడ చెయ్యనియ్యలే నేను! రెండు నెల్లయె!"

"అవ్. గదొక్కటి జర సుఖమనిపించింది."

"నవ్వకున్రి!"

"నవ్వుతలేనే. భయమైతుంది. లింగంకాయ ఆ పియానోల పడ్డది. ఆళ్లు దాన్ని పట్నం తీసుకపోతున్నరు."

అక్షత గుమ్మం దిగి దగ్గరికి వచ్చింది. తర్వాత గొంతు తగ్గించి, లోపలికి ఒకసారి చూసి అంది. "ఒక మాట చెప్తె వింటరా? ఊకోన్రి. అయ్యగారు వస్తడు, కొత్తది కడ్తడు, మామయ్య తింటడు. ఎవ్వలకు ఏం తెల్వది. నేను చెప్ప."

ఎంత తేలికైన దారి! గంగమ్మ దాన్ని ఒక్క నిమిషం చూసింది కూడా.

"ఏడుందో తెలిసి, పోయిందని అయ్యగారికి చెప్పాల్నా? కొత్త లింగం అబద్ధంతోని కట్టించుకుంటనా? నాతోని కాదే. ఇంకో సంగతి, న్యాల్‌కల్ పోయి అయ్యగారిని తోలుకొని వచ్చేదాంక మీ మామయ్య ఆగుతడా?"

ఇద్దరూ లోపలికి పరుగెత్తారు.

గురులింగప్ప మంచం మీదికి ఒరిగాడు. నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అయినా నుదుటి మీద చెమట.

గంగమ్మ వంటింట్లోంచి బెల్లం ముక్క తెచ్చి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"నోట్ల ఏసుకోన్రి. ఇది అన్నం కాదు."

"నోట్ల పడ్డదంటే తిన్నట్టే."

"లింగంకాయ ఏడుందో తెలిసింది. ఇప్పుడే పోయి తెస్త. జర నా మాటినున్రి, చప్పరియ్యున్రి."

"ఏడుంది?"

"తెచ్చినాక చెప్త."

ఆయన ఆమె భుజం వైపు చూశాడు. "నీ భుజం ఎట్లుంది గంగా?"

"మంచిగనే ఉంది."

"రాత్రి ఎడమ భుజం చూపిచ్చినవ్. మొన్న కుడిది."

అక్షత నేల చూపులు చూసింది. గంగమ్మ పైట భుజం మీదికి లాక్కుంది.  ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. బెల్లం ముక్క పిడికిట్లోనే ఉంది.

వీధిలో ఒక్క ఆటో లేదు. కారు న్యాల్‌కల్ దారిలో ఉంది. మంజునాథ్‌కు ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

"ఈడనే నిలబడున్రి," అని అక్షత పక్కింట్లోకి దూరింది. బయటికి వచ్చింది స్కూటీ మీద. "దీపికది. ఎక్కున్రి."

"నీకు నడుపుడొస్తదా?"

"మీకు కరెంటు డాక్టరు. నాకు టైలరింగు క్లాసు," అంది అక్షత ముందుకే చూస్తూ. "చీర కుచ్చిళ్లు మంచిగ పట్టుకోన్రి. చక్రంల పడ్తయి."

గంజ్ దగ్గర అల్లం బస్తాల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా వెనక్కి తిరుగుతోంది. వెనక హారన్లు. ముందు హమాలీల కేకలు. అక్షత బస్తాలకూ గోడకూ మధ్య ఉన్న సందు చూసింది. స్కూటీ అటు తిప్పింది. గంగమ్మ కళ్లు మూసుకుంది. మోచెయ్యి గోడకు రాసుకుపోయింది. కళ్లు తెరిచేసరికి చర్చి వచ్చింది.

ట్రాలీ ఇంజను నడుస్తూనే ఉంది.

పియానో దాని మీద నిలబెట్టి ఉంది. నాలుగు దిక్కులా తాడు, మీద టార్పాలిన్. మనోరమ వాకిట్లో చేతులు పిసుక్కుంటోంది. "మీరు ఫోన్ పెట్టేసరికే ఎక్కించిన్రమ్మా. ఆపమన్న, ఆగుతలేడు."

"పెద్దమ్మా, లేటైతే సిటీల బండిని ఆపేస్తరు," అన్నాడు వికాస్, చివరి ముడి బిగిస్తూ. సన్నటి మనిషి, ముప్పై దాటాయి. "ఏమున్నా తర్వాత మాట్లాడున్రి."

గంగమ్మ చెప్పులు విడిచి ట్రాలీ ఎక్కింది. పైట నడుముకు దోపింది.

"మూత తియ్యి నాయినా."

"ఏందమ్మా ఇది?"

"దీంట్ల మా దేవుడున్నడు. తియ్యి."

వికాస్ మనోరమను చూశాడు. మనోరమ గంగమ్మ మెడను చూసింది. అప్పుడు ఆమెకు అర్థమైంది. "తియ్యి వికాస్. తొందరగ తియ్యి!"

తాళ్లు విప్పారు. టార్పాలిన్ లాగారు. పై మూత ఎత్తి అక్షత ఫోను వెలుతురు లోపలికి వేసింది. వరసగా సుత్తులు, వాటి వెనక చీకటి. ఆ చీకట్లో, చాలా కింద, వెండి మెరిసింది.

వికాస్ చెయ్యి పెట్టబోయాడు.

"ఆగు! అది నేనే తియ్యాలె."

"గుంజితే సుత్తి కాడ ఇరుగుతదమ్మా. ఇరిగితే ఈ మోడల్‌కు ఇప్పుడు పార్టు దొరకది. పియానో పోయినట్టే." అతను తొంగి చూశాడు. "ఆ మెట్టు మెల్లగ నొక్కి పట్టాలె. సుత్తి ముందుకు పోతది, ఎనక సందైతది. గప్పుడు తియ్యొచ్చు. కొట్టినట్టు నొక్కితే మల్ల కిందికి జారుతది."

"నేను పట్టుకుంట," అని మనోరమ ఒక కాలు ట్రాలీ మీద వేసింది. మోకాలు సహకరించలేదు.

గంగమ్మ కుడి చెయ్యి అప్పటికే భుజం వరకు లోపలుంది. ఎడమ చెయ్యి మెట్ల మీదికి పోయింది. కళ్లతో చూసే వీలు లేదు. రెండు నల్లవి, వాటి పక్కది. అక్కణ్నుంచి కిందికి. వేలు ఆగింది.

ఎడమ చెయ్యి నొక్కుతుంటే కుడి చెయ్యి కూడా బిగుసుకుంటోంది. "వద్దు," అంది తనలో తనే. "నీ పని నువ్వు చూస్కో."

మెట్టు చప్పుడు లేకుండా దిగింది. లోపల ఏదో కదిలింది. వేళ్లకు చల్లటి వెండి, దాని వెనక తెగిన దారం.

లింగంకాయ బయటికి వచ్చింది.

అక్షత గట్టిగా ఊపిరి వదిలింది. వికాస్ వంగి ఆ మెట్టు ఒకసారి కొట్టి చూశాడు. మోత లేదు. తేటగా, నిండుగా పలికింది.

"దీనికోసమా పెద్దమ్మా నన్ను పిలిపించింది?" అన్నాడు. మనోరమ నవ్వింది. గంగమ్మ కూడా నవ్వబోయింది.

సందు మొదట్లో ఆటో ఆగింది.

దిగింది గురులింగప్ప. చొక్కా తడిసి వంటికి అంటుకుంది. ఆటో కడ్డీ వదలడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది. నడిచి వచ్చాడు. ట్రాలీని చూశాడు, పియానోను చూశాడు, దాని మూత మీద చెయ్యి వేసి నిలబడ్డ భార్యను చూశాడు.

"ఇదేనా నీ దవాఖాన?"

గంగమ్మ ట్రాలీ దిగింది.

"మామయ్యా, ముందుగాల కూసోన్రి," అక్షత ఆయన మోచెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. "మీరెట్ల వచ్చిన్రు?"

"స్కూటీ రాని కోడలు స్కూటీ మీద పోతుంటే ఎనక రానా? మీరు గల్లి మలుగంగనే ఆటొచ్చింది, మీ ఎనకనే పోనిమ్మన్న. ఇంట్ల ఇంక ఎవలెవలు ఏమేం నేర్చుకుంటున్నరో చూద్దమని వచ్చిన." అరుగు మీద కూలబడ్డాడు. పిడికిలి ఇంకా మూసే ఉంది. "దొరికిందా?"

గంగమ్మ చూపించింది.

"అయితే పూజ చెయ్యి. ఈడనే."

మనోరమ చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "మా ఇంటి నీళ్లు..."

"నీళ్లకేమైంది తల్లీ. తే."

గంగమ్మ అరుగు మీద ఆయనకు ఎదురుగా కూర్చుంది. డబ్బీ తెరిచి, లింగాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుంది. చెయ్యి గుండ్రంగా, మెత్తగా నిలబెట్టింది. మనోరమ పియానో మీద చెయ్యి ఎలా పెట్టాలో మొదటిరోజు చెప్పినప్పుడు, ఇది నాకు ముందే వచ్చుగదా అనుకున్న చెయ్యి.  నీళ్లు పోసింది. కళ్లు మూసుకుని ఎన్నాళ్లనుంచో వచ్చిన మాటలు చదివింది. కళ్లు తెరిచింది.

"అయింది. ఇగ తినున్రి."

గురులింగప్ప పిడికిలి విప్పాడు. బెల్లం చెమటకు కరిగి అరచేతికి అంటుకుంది. నోటి దాకా తీసుకెళ్లలేదు.

"లింగం చేతిల ఉండంగ అబద్ధమాడరాదు."

"అబద్ధమాడ."

"మూడు నెల్లు లేని నొప్పికి నూనె రాసిన. రాసేటప్పుడు లోపట నవ్వుకున్నవా?"

"లేదు. ఏడ్పొచ్చేది."

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తే వద్దంటరని. వద్దంటే మానెయ్యాలె గద. మానేసుడు నాకు ఇష్టం లేకుండె."

ఆయన పెదవులు తెల్లబడ్డాయి. మాట ముద్దగా వస్తోంది. "అది నీ మెడల దేవున్ని మింగింది గంగా. ఇయ్యాల దొరికిండు. రేపు? లింగం పట్టుకొని చెప్పు. ఈడికి మల్ల వస్తవా?"

"మామయ్యా, ముందు నోట్ల ఏసుకోన్రి!" అక్షత దాదాపు ఏడుస్తోంది. ఆయన ఎడమ చేత్తో ఆమెను ఆపాడు.

"చెప్పనీయ్."

ఆయన వెనక నుంచి అక్షత సైగ చేసింది. రాను అనున్రి. ఒక్క మాట. మనోరమ ముఖం తిప్పుకుంది. ట్రాలీ మీద పియానో మూత తెరిచే ఉంది.

రాను అంటే చాలు, బెల్లం ఆయన నోట్లోకి పోతుంది. నిన్నటిదాకా అలాంటి మాటలు ఎన్నో ఆడింది. కానీ అవి ఆడినప్పుడు ఈ అరచేతిలో లింగం లేదు. ఇదే చెయ్యి నిన్న మొదటిసారి తనంతట తాను ఒక దారి వెతుక్కుంది.

"మంగళవారం వస్త," అంది గంగమ్మ. "మీరు తోలుకొని రాన్రి. ఇప్పుడైతే తినున్రి. మీ కాళ్లు మొక్కుత, తినున్రి."

గురులింగప్ప ఆమెను చూస్తూనే ఉన్నాడు. పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

బెల్లం ముక్క ఆయన చేతిలోంచి జారి అరుగు బండ మీద పడింది.

కోపంతో విసిరేశాడో, చెయ్యి పట్టు తప్పిందో అక్షతకు తెలియలేదు. మనోరమకూ తెలియలేదు.

గంగమ్మ మాత్రం ఆయన కళ్లు చూసింది. వాటిలో కోపం లేదు, చూపే నిలవడం లేదు.